ముందు బండి ఎర్రలైటే చూస్తూ పోయాను

పాతకార్బ్
ఆదివారం, రాత్రి 9:42

మూడేళ్ళుగా బండి మీద దూరాలు పోతున్నా. మొన్న కూర్చుని లెక్కేస్తే 22 రైడ్లు తేలాయి. అందులో ఒక్కటి కూడా ఒంటరిగా చేసింది లేదు. ఎప్పుడూ మా ఎనిమిది మంది బ్యాచ్‌తోనే. ఆ సంగతి ఇన్నాళ్ళూ నాకే తట్టలేదు.

పోయిన వారం కొండదారిలో ఐదో బండి నాది. నా ముందువాడు బాగా తోలతాడు. వాడి వెనక చక్రం ఎటు వాలితే నేనూ అటే వాలుస్తూ పోతున్నా. హాయిగానే ఉంది. ఒక మలుపులో వాడు ఆఖరి క్షణంలో గట్టిగా బ్రేక్ కొట్టి లోపలికి తిప్పుకున్నాడు. నా కళ్ళు వాడి ఎర్రలైటుకి అతుక్కుపోయాయి. నా బండి తిరగలేదు. మధ్యగీత దాటి అవతలి లేన్‌లోకి పోయి, ఎలాగో మళ్ళీ ఇవతలికి వచ్చిపడ్డా. ఎదురుగా ఏమీ రాలేదు. రాలేదు కాబట్టే ఇది రాస్తున్నా.

ఆగాక అందరూ నవ్వారు, నేనూ నవ్వా. రాత్రి పడుకున్నాక ఆ మలుపుకి ముందు రోడ్డు ఎలా ఉందో గుర్తుచేసుకుందామని చూశా. బోర్డు ఉందా, ఇసుక ఉందా, వాలు ఎటు ఉంది, ఏదీ గుర్తు రాలేదు. ఎర్రలైటు ఒక్కటే కనిపిస్తోంది.

ఒక్కణ్ణే రెండు రోజులు వెళ్ళొద్దామని ఉంది. రోజుకి 300 కిలోమీటర్లు. మా ఆవిడ "నలుగురు పక్కనుంటే నాకు నిద్ర పడుతుంది" అంటోంది. బ్యాచ్‌లో వాళ్ళేమో "మేమేం చేశాంరా నిన్ను" అని అలిగారు. రెండు రకాలుగానూ తిరిగినవాళ్ళు చెప్పండి. ఒంటరిగా తోలడం నిజంగా వేరే విద్యా, లేక ఒక్క మలుపుకే నేను బెదిరిపోయానా?


ఒకేసీటు
ఆదివారం, రాత్రి 10:15

వేరే విద్యే. పదకొండేళ్ళుగా ఒక్కణ్ణే తిరుగుతున్నా కాబట్టి నా మాటలో పక్షపాతం ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా.

మీకు జరిగినదాన్ని టార్గెట్ ఫిక్సేషన్ అంటారు. కళ్ళు ఎక్కడుంటే బండి అక్కడికే పోతుంది. గుంతని తప్పించాలని గుంతనే చూసేవాడు సరిగ్గా గుంతలోనే పడతాడు. గుంపులో కళ్ళకి ముందుగా దొరికేది ముందు బండి తోక. మలుపులో చూడాల్సింది ఇంకొకటి. రోడ్డు రెండు అంచులూ దూరంగా ఒకచోట కలిసినట్టు కనిపిస్తాయి కదా, ఆ బిందువు. అది మీ మీదికి వచ్చేస్తోందంటే మలుపు బిగుస్తోందన్నమాట, వేగం తగ్గించాలి. మీతో పాటే జరుగుతోందంటే మీ వేగం సరిపోయింది. దూరంగా పరిగెడుతోందంటే మలుపు విచ్చుకుంటోంది, మెల్లగా థ్రాటిల్ ఇవ్వొచ్చు. ముందు బండి లేకపోతే చూపు చాలావరకు దానంతటదే అక్కడికి పోతుంది. ఉంటే మాత్రం చూపుని బలవంతాన దాని భుజం మీదుగా అవతలికి విసరాలి. అది అలవాటు కావడానికి చాలాకాలం పడుతుంది.

ఇక సుఖం సంగతి. ఆగాలనిపిస్తే ఆగుతా. ఎందుకాగావని ఎవరికీ చెప్పక్కర్లేదు. ఒకసారి పొగమంచు తేలేదాకా రోడ్డు పక్కన గంటన్నర ఊరికే కూర్చున్నా. ఏడుగురితో ఉంటే ఆ గంటన్నర దొరుకుతుందా?

టెడ్ సైమన్ 1973లో ట్రయంఫ్ 500 సీసీ బండి మీద ఒక్కడే బయల్దేరి నాలుగేళ్ళు ప్రపంచమంతా తిరిగొచ్చాడు. లక్ష కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. ఆ బండి ఎన్నిసార్లు చెడిపోయిందో! చెడిపోయిన ప్రతిచోటా కొత్త మనుషులు దగ్గరయ్యారు. ఒక్కడే వచ్చినవాణ్ణి జనం పలకరిస్తారు. ఎనిమిది బండ్లు వచ్చి ఆగితే పక్కకి తప్పుకుంటారు.


హారన్
ఆదివారం, రాత్రి 10:31

నలుగురితో నారాయణ అనుకుంటూ పోతే ఐదోవాడు అవతలి లేన్‌లో గోవిందా. అంతేగా?


చివరిబండి
సోమవారం, ఉదయం 6:20

హారన్ తమ్ముడూ, పొద్దున్నే నవ్వించావు. కానీ ఒక మాట చెప్పాలి.

మలుపు దాకా ఒకేసీటు గారు చెప్పిందంతా ఒప్పుకుంటా. పడ్డాక సంగతేంటి? నా స్నేహితుడు ఒకడు ఒంటరి రైడర్, మంచి రైడర్. వానలో, పెద్ద వేగం కూడా లేదు, జారి రోడ్డు పక్క కాలవలో పడ్డాడు. బండి కాలి మీద. ఫోను హ్యాండిల్ మీద హోల్డర్‌లో ఉంది. రెండు మూరల దూరం. మోగుతోంది, వెలుగుతోంది, చెయ్యి అందదు. రోడ్డు మీద బండ్లు పోతూనే ఉన్నాయి, కాలవలో ఉన్నవాడు ఎవరికి కనిపిస్తాడు? రెండు గంటలు. ఎముక విరగడం కన్నా ఆ రెండు గంటలే తనని ఎక్కువ పాడుచేశాయని ఇప్పటికీ అంటాడు. వెనక ఒక్క బండి ఉండుంటే అది ఐదు నిమిషాల వ్యవహారం.

అందుకే ఒంటరిగా పోయే ప్రతివాడికీ నేను చెప్పేది ఒకటే. ఫోను ఒంటి మీద ఉండాలి, జిప్పున్న జేబులో. బండికి కాదు. మీరూ బండీ ఒకే చోట పడతారన్న హామీ ఏమీ లేదు.

ఇప్పుడు గుంపు తరఫున. పన్నెండేళ్ళుగా నేను తోలేది చివరి బండి, స్వీప్ అంటారే అది. అక్కణ్ణుంచి అందరి వీపులూ కనిపిస్తాయి. అలసిపోయినవాడు తనకి తెలియకముందే నాకు తెలుస్తాడు. మలుపు లేనిచోట బ్రేక్ లైటు రెపరెపలాడుతుంది. తిరిగాక ఇండికేటర్ ఆపడం మర్చిపోతాడు. ఆగి బయల్దేరినప్పుడు కాళ్ళు వెంటనే పైకి రావు. లేన్‌లో వాడి గీత అటూ ఇటూ తేలుతుంది. ఈ నాలుగింటిలో రెండు కనిపిస్తే లైటు కొట్టి అందరినీ ఆపించేస్తా. ఒంటరిగా పోయేవాడికి ఈ వీపు చూసేవాడు ఎవరున్నారు?

పాతకార్బ్, నీ బ్యాచ్ తప్పు ఒకటుంది. అందరికన్నా అనుభవం తక్కువున్నవాణ్ణి ఐదో స్థానంలో పెట్టకూడదు. లీడ్, అంటే అందరికన్నా ముందుండి దారి తీసేవాడి వెనకాలే, రెండో బండిగా ఉంచాలి. అప్పుడు లీడ్ అద్దంలో వాణ్ణి చూసుకుంటూ వాడికి తగ్గ వేగం పట్టుకుంటాడు. వెనక ఉంటే గుంపు వేగం వాణ్ణి లాగేస్తుంది.


మూడోగేర్
సోమవారం, ఉదయం 11:05

"వేగం లాగేస్తుంది" అన్నారు చూడండి, అది ఎలా జరుగుతుందో లెక్కలో చూపిస్తా. లెక్కలంటే పడనివాళ్ళు కిందికి జారిపోండి.

ఎనిమిది బండ్లు ఒకే వరసలో, బండికీ బండికీ 2 సెకన్లు. మొత్తం ఏడు ఖాళీలు, 14 సెకన్లు. నెమ్మదిగా పోవాల్సిన చోట గంటకి 36 కిలోమీటర్లు, అంటే సెకనుకి 10 మీటర్లు. వరస పొడవు 140 మీటర్లు. అది దాటాక అందరూ 72కి చేరారు, సెకనుకి 20 మీటర్లు. అదే 14 సెకన్లు ఇప్పుడు 280 మీటర్లు. ఎవరూ వెనకబడలేదు, కాలం దూరం మారలేదు. కానీ ఎనిమిదోవాడి కంటికి ముందువాళ్ళు రెట్టింపు దూరంలో ఉన్నారు. వాడు ఏమనుకుంటాడు? నన్ను వదిలేసి పోతున్నారని. మణికట్టు తిరుగుతుంది.

అసలు ముడి ఇంకోటి. ఆగి బయల్దేరేటప్పుడు ప్రతివాడూ ఆ 2 సెకన్ల మీద ఇంకో అర సెకను ఆలస్యంగా కదిలాడనుకోండి. ఎనిమిదోవాడి దగ్గరికి వచ్చేసరికి మూడున్నర సెకన్లు, అంటే 72 మీద 70 మీటర్లు అదనంగా వెనకబడ్డాడు. దాన్ని పూడ్చడానికి 90లో పోతే 14 సెకన్లు పడుతుంది. లీడ్ 72లో నిమ్మళంగా పోతూ "ఇవాళ చాలా నిదానంగా తోలాం" అనుకుంటుంటాడు. చివరివాడు మాత్రం పావుగంటకోసారి 90 కొడుతున్నాడు. ఆ 14 సెకన్లలో మలుపొస్తే?

రబ్బరు బ్యాండు లాగా సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది గుంపు. దానికి మందు చెప్పడానికి సులువే: దూరాన్ని సెకన్లలో కొలవాలి, మీటర్లలో కాదు. ముందు బండి ఒక స్తంభం దాటాక మీరు దాన్ని దాటేదాకా లెక్కపెట్టుకోండి. రెండుంటే చాలు, ఎంత దూరంగా కనిపించినా వదిలేయండి.


గ్రీజుచేతులు
సోమవారం, మధ్యాహ్నం 1:48

లెక్క బాగుంది. ఒకటి కలుపుతా. తిన్నటి రోడ్డు మీద ఎడాపెడా వరస పెడతారు కదా, ఒకడు మధ్యగీత వైపు, తర్వాతివాడు అంచు వైపు. అప్పుడు ఏటవాలుగా ఉన్నవాడికి 1 సెకను, సూటిగా ముందున్నవాడికి 2 సెకన్లు. అది తిన్నటి, మంచి రోడ్డుకే. మలుపులొచ్చినా, రోడ్డు చెడినా, చూపు ఆనకపోయినా విప్పేసి ఒకే వరస కట్టాలి. మలుపులో లేన్ మొత్తం మీకే కావాలి. సగం లేన్‌లో బిగించుకుని తిప్పితే బండికి చోటెక్కడిది?

బండి కండిషన్ మీద కూడా ఒక ముక్క. ఒంటరిగా పోయేవాడి బండి సాధారణంగా బాగుంటుంది. ఎందుకంటే భయం. చైన్ వదులు చూసుకుంటాడు, టైర్ చల్లగా ఉన్నప్పుడే గాలి కొలుస్తాడు, పంక్చర్ ప్లగ్గులూ చిన్న పంపూ ఫ్యూజులూ పెట్టుకుంటాడు. కేబుల్ క్లచ్ అయితే స్పేర్ కేబుల్. గుంపులో వచ్చే ఎనిమిది బండ్లలో పంక్చర్ కిట్ ఎన్నిటిలో ఉంటుందనుకుంటున్నారు? "వాడి దగ్గరుంటుందిలే" అని ఎనిమిది మందీ వస్తారు. కళ్ళారా చూశా.


తూనీగ
సోమవారం, సాయంత్రం 7:12

ఇప్పటిదాకా మాట్లాడినవాళ్ళంతా మగవాళ్ళనుకుంటా. అందుకే ఈ వైపు ఎవరూ రాలేదు.

నేను ఆరేళ్ళు గుంపుతో తిరిగి తర్వాత ఒంటరిగా మొదలుపెట్టా. గుంపులో నాకు భద్రత ఉంది, కాదనను. చీకటి పడ్డాక దారిలో ఆగాల్సి వస్తే దాని విలువ తెలుస్తుంది. కానీ ప్రతి స్టాప్‌లో ఎవరో ఒకరు నా బండి తాళం తీసుకుని "ఇటివ్వు, నేను తిప్పి పెడతా" అనేవారు. ఎవరి మనసులోనూ చెడు లేదు. ఆరేళ్ళ తర్వాత చూసుకుంటే, గులకరాళ్ళ వాలులో బండి వెనక్కి తిప్పుకోవడం నాకు రాదు. ఒక్కసారి కూడా చేయనివ్వలేదు మరి.

ఆన్-ఫ్రాన్స్ దోత్‌విల్ అని ఫ్రెంచ్ ఆవిడ. 1972లో పారిస్ నుంచి ఇరాన్‌లోని ఇస్ఫహాన్ దాకా ఓరియన్ రెయిడ్ అనే సామూహిక యాత్రలో మోటో గుజ్జి 750 మీద వెళ్ళింది, మగ రైడర్ల గుంపుతో. తిరిగొచ్చాక పుకారు లేచింది, ఆవిడ తోలలేదనీ, బండిని ట్రక్కు మీద ఎక్కించుకుని వచ్చిందనీ. గుంపులో ఉన్నంతకాలం నువ్వు తోలావని నిరూపించే బాధ్యత నీదే! మరుసటి ఏడాది కవాసకి 125 మీద ఒక్కతే ప్రపంచం చుట్టి రావడానికి బయల్దేరింది. ఈసారి ట్రక్కు ఎక్కడిదని అడగడానికి ఎవరికీ నోరు లేదు.

ఒకేసీటు గారూ, మీరు చెప్పిన టెడ్ సైమన్ బయల్దేరిందీ 1973లోనే. 500 సీసీ మీద వెళ్ళినాయన పేరు అందరికీ తెలుసు. 125 సీసీ మీద వెళ్ళినావిడ పేరు నేను చెప్పేదాకా ఈ థ్రెడ్‌లో రాలేదు. ఊరికే అంటున్నా.


ఒకేసీటు
సోమవారం, రాత్రి 8:03

చురక తగిలింది అక్కా. నాకు ఆవిడ సంగతి తెలియదు. 125 సీసీనా! నేను నా 350కి బలం చాలదని గొణుగుతుంటా.


జంటసైలెన్సర్
సోమవారం, రాత్రి 9:30

ఒకటా ఎనిమిదా అని ఎందుకు కొట్టుకుంటున్నారు? మధ్యలో రెండు ఉంది.

నేనూ మా తమ్ముడూ ఏడేళ్ళుగా రెండు బండ్ల మీద తిరుగుతున్నాం. పడితే లేపడానికి ఒకడున్నాడు. రబ్బరు బ్యాండు గొడవ లేదు. ఎక్కడాగాలో ఓటింగ్ అక్కర్లేదు. 1916లో వాన్ బ్యూరెన్ అక్కచెల్లెళ్ళు, అగస్టా, అడెలిన్, చెరో ఇండియన్ మోటార్‌సైకిల్ మీద అమెరికాని ఈ చివర బ్రూక్లిన్ నుంచి ఆ చివర లాస్ ఏంజెలస్ దాకా దాటారు. రెండు నెలలు. అప్పటికి దారంతా సరైన రోడ్లే లేవు. ప్యాంట్లు వేసుకున్నారని మధ్యలో పోలీసులు పట్టుకోవడం అదనం. సాల్ట్ లేక్ దగ్గర ఎడారిలో దారి తప్పి నీళ్ళైపోతే గనులు వెతుక్కునే ఒకాయన కనిపించి ఆదుకున్నాడు. ఆ ఎడారిలో ఒక్కతే అయ్యుంటే ధైర్యం ఎవరు చెప్పేవారు?


హారన్
సోమవారం, రాత్రి 9:34

ఇద్దరూ కలిసే కదన్నా దారి తప్పారు!


జంటసైలెన్సర్
సోమవారం, రాత్రి 9:51

హహ. నిజమే. ఇద్దరిలో ఉన్న రోగమూ అదే, దాచను. నేను దారి చూస్తున్నానని వాడూ, వాడు చూస్తున్నాడని నేనూ. ఒకసారి ఇద్దరం ఒకరికొకరం పెట్రోల్ గుర్తుచేస్తామనుకుని ఇద్దరం ఖాళీ చేసుకున్నాం. వాడి ట్యాంకు 11 లీటర్లు, నాది 15. అప్పట్నుంచి చిన్న ట్యాంకు బట్టే ఆగుతాం. ఎంతమంది ఉన్నా రూలు అదే కావాలి, చిన్న ట్యాంకే యజమాని.


హారన్
మంగళవారం, ఉదయం 10:10

సరే, సరదా పక్కనపెట్టి ఒకటి అడుగుతా. పెద్ద గుంపులు కూడళ్ళలో బండి అడ్డం పెట్టి మిగతా జనాన్ని ఆపేసి తమవాళ్ళని పంపించుకుంటాయి. సిగ్నల్ ఎర్రబడ్డా "కలిసే ఉండాలి" అని దూసుకుపోతారు. మీ వీపులు చూసే చివరిబండి గారు కూడా అలాగే పోతారా? రోడ్డు మీద నడిచేవాడికి, కారులోవాడికి ఒంటరి రైడర్ వల్ల ఇబ్బంది ఎప్పుడూ లేదు. మీరు చెప్పుకునే స్నేహం ఇతరుల నెత్తిన నడుస్తోంది.


చివరిబండి
మంగళవారం, ఉదయం 10:44

నేను ఎర్రలైటు దాటను. నా గుంపూ దాటదు. అందరినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా? ఒంటరి రైడర్ల వల్ల ఇబ్బంది లేదట! అర్ధరాత్రి సైలెన్సర్ విప్పేసి వీధులు లేపేవాళ్ళు గుంపులుగా వస్తున్నారా?


నిర్వాహకుడు
మంగళవారం, ఉదయం 11:00

సైలెన్సర్ల మీద వేరే థ్రెడ్ ఉంది. దానికి 340 జవాబులున్నాయి, ఇంకా తేలలేదు. ఇక్కడ పాతకార్బ్ గారి ప్రశ్న మీదే ఉందాం.


తూనీగ
మంగళవారం, మధ్యాహ్నం 12:25

హారన్ అడిగిందాన్ని అలా దులిపేసుకోవద్దు. "కలిసే ఉండాలి" అన్న ఆత్రమే మూలం. కూడలిలో అడ్డం పెట్టడమూ దాన్నుంచే వచ్చింది, మూడోగేర్ గారి ఎనిమిదోవాడి 90 కూడా దాన్నుంచే వచ్చింది, పాతకార్బ్ గారి ఎర్రలైటూ అంతే. తప్పిపోతామన్న భయం లేకపోతే ఎవడి రోడ్డు వాడు చూసుకుంటాడు.

నేను చివరగా తిరిగిన గుంపులో ఒక పద్ధతి ఉండేది, చాలా దేశాల్లో క్లబ్బులు వాడేదే. తిరగాల్సిన ప్రతి కూడలిలో రెండో బండి పక్కకి, సేఫ్‌గా, ఎవరికీ అడ్డం కాకుండా ఆగిపోతుంది. వచ్చేవాళ్ళకి దారి చూపిస్తుంది. చివరి బండి వచ్చేదాకా కదలదు. చివరి బండి రాగానే దాని ముందు కలిసిపోతుంది. ఇప్పుడు లీడ్ వెనక ఉన్నవాడు కొత్త రెండో బండి. అలా తిరుగుతూ ఉంటుంది. మధ్యలో ఎవరూ ఎవరినీ అంటిపెట్టుకోనక్కర్లేదు. తిరిగేచోట మనిషి నిలబడి ఉంటాడని తెలుసు, మనిషి లేకపోతే సూటిగా పోవడమే. కూడళ్ళ మధ్య నేను ఒంటరిగా తోలుతున్నట్టే ఉండేది. కానీ ఒంటరిని కాదు.

ఇంటర్‌కామ్‌లు వచ్చాక మా గుంపులో ఇది పోయింది. ఇప్పుడు దారంతా హెల్మెట్లో కబుర్లు.


మూడోగేర్
మంగళవారం, మధ్యాహ్నం 2:02

తూనీగ గారి పద్ధతిలో రబ్బరు బ్యాండు తెగిపోతుంది. లెక్క ప్రకారం ఇదే సరైంది. చివరిబండి గారు కొత్తవాణ్ణి రెండో స్థానంలో పెట్టమన్నారు కదా, ఇందులో ఆ స్థానం మారుతూ ఉంటుంది, అదొక్కటే చిక్కు. కొత్తవాడు కూడలిలో ఆగే వంతు నుంచి మినహాయింపు పెట్టుకోవచ్చేమో.

ఇంకో సమాచారం. మోటార్‌సైకిల్ ప్రమాదాల మీద పాతదే అయినా పెద్ద అధ్యయనం, హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలస్ ప్రాంతంలో చేసి 1981లో వెలువరించింది. 900 ప్రమాదాలని జరిగిన చోటికే వెళ్ళి పరిశీలించారు. దాదాపు నాలుగింట మూడొంతులు ఇంకో వాహనంతో జరిగినవి, వాటిలో మూడింట రెండొంతులు అవతలి వాహనం దారి ఇవ్వకపోవడం వల్ల. మిగిలినవి బండి తనంతట తాను పడినవి. వాటిలో మూడింట రెండొంతులకి రైడర్ పొరపాటే కారణం. ఏ పొరపాటో తెలుసా? మితిమీరి బ్రేక్ కొట్టి జారడం, లేదా వేగం ఎక్కువై మలుపులో బయటికి పోవడం. పాతకార్బ్ గారూ, మీది సరిగ్గా ఆ రెండోదే. గుంపులో ఉన్నారు గానీ, తప్పు మాత్రం ఒక్కడు పడే రకం.


గ్రీజుచేతులు
మంగళవారం, రాత్రి 8:40

అవతలి వాహనం దారి ఇవ్వని ఆ రకం ప్రమాదాల మీద ఒక మాట. గుంపు పెద్దదైతే ఎక్కువ కనిపిస్తారంటారు. కనిపించేది ముందువాళ్ళే. పక్కరోడ్డు నుంచి వచ్చే కారువాడు నాలుగు బండ్లు పోయాక "అయిపోయారు" అనుకుని ముక్కు బయటపెడతాడు. ఐదోవాడికి ఆ ముక్కు తగులుతుంది. వెనక తోలేవాళ్ళు ప్రతి పక్కరోడ్డు దగ్గరా తామే మొదటి బండి అనుకోవాలి.

పాతకార్బ్, ఒంటరిగా పోయేముందు ఖాళీ మైదానంలో బండి పడేసి లేపడం నేర్చుకో. అవును, పడేసి. ముందు కిల్ స్విచ్ నొక్కి ఇంజిన్ ఆపు. బండి కుడివైపు పడితే స్టాండు ముందే తీసి పెట్టు, లేపాక అవతలికి పడకుండా. గేర్లో ఉంచు, దొర్లదు. హ్యాండిల్‌ని పూర్తిగా ఒక పక్కకి తిప్పి, బండికి వీపు ఆనించి కూర్చున్నట్టు వంగి, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక ఫ్రేము పట్టుకుని, కాళ్ళతో వెనక్కి నెడుతూ చిన్న అడుగులు వెయ్యి. నడుముతో లేపావా, మిగతా రైడు మంచం మీదే.


పాతకార్బ్
మూడు వారాల తర్వాత, సోమవారం, రాత్రి 10:20

వెళ్ళొచ్చాను. అందరికీ బాకీ ఉన్నా కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా.

మొదటి గంటంతా అద్దాల్లోకి చూస్తూనే ఉన్నా, వెనక ఎవరో రావాలన్నట్టు. ఖాళీ. అలవాటుగా రెండుసార్లు చెయ్యెత్తి గుంత చూపించా కూడా, వెనక ఎవరూ లేకపోయినా. నవ్వొచ్చింది.

కొండదారి మొదలయ్యాక అసలు విషయం బయటపడింది. ఒకేసీటు గారు చెప్పిన ఆ బిందువుని చూస్తూ, నాకు హాయిగా అనిపించిన వేగంలో పోతే స్పీడోమీటర్ 50 చూపించింది. బ్యాచ్‌తో అదే రకం మలుపుల్లో నేను 65, 70లో పోతుంటా. అంటే మూడేళ్ళుగా నావి కాని 15 కిలోమీటర్లు మోసుకు తిరిగా! మొదట సిగ్గేసింది. రెండో రోజు తిరుగు దారిలో ఎవరూ చెప్పకుండానే 58కి వచ్చింది. ఆ ఎనిమిది మాత్రం నావే.

మధ్యాహ్నం రెండున్నరకి కళ్ళు మూతలు పడుతున్నట్టయింది. చెట్టు కింద జాకెట్ పరుచుకుని 20 నిమిషాలు పడుకున్నా. బ్యాచ్‌లో ఉంటే అడిగేవాణ్ణి కాదు. మొన్నటి మలుపు జరిగింది కూడా సుమారు అదే వేళకి. అప్పుడూ నిద్రమత్తే ఉందేమో. ఏడుగురి ముందు "నాకు నిద్రొస్తోంది" అనడానికి నామోషీ, అంతకన్నా ఏం లేదు.

బండి పడేశా. పెద్ద కథేం కాదు, గులకరాళ్ళలో స్టాండు కూరుకుపోయి పక్కకి ఒరిగింది. గ్రీజుచేతులు అన్నా, మైదానంలో నాలుగుసార్లు చేసిన పని అక్కడ ఐదోసారికి పనికొచ్చింది. లేపి నిలబెట్టాక చుట్టూ చూశా. ఎవరూ లేరు. ఎవరైనా చూసుంటే బాగుండు అనిపించింది, నిజం చెబుతున్నా.

సాయంత్రం కొండ అంచున ఆగితే కింద లోయంతా ఎండా నీడా పరుగెడుతున్నాయి. "ఒరే చూడరా" అని పక్కకి తిరిగా. ఆ ఒక్క క్షణం మాత్రం ఒంటరి ప్రయాణానికి మీరంతా చెప్పిన లాభాలేవీ అక్కరకు రాలేదు.

ఇంట్లో జరిగింది కూడా చెప్పాలి. రెండు గంటలకోసారి మెసేజ్ పెడతానని మాటిచ్చా. ఒకచోట సిగ్నల్ లేక 50 నిమిషాలు ఆలస్యమైంది. నేను హాయిగా తోలుతున్నా, ఆవిడ అక్కడ బ్యాచ్‌లో నలుగురికి ఫోన్లు చేసి ఏడ్చేసింది. వాళ్ళలో ఇద్దరు బండ్లు తీసి బయల్దేరబోయారు కూడా. అలిగినవాళ్ళే! ఈసారి నుంచి దారి మ్యాపు, ఎక్కడ సిగ్నల్ ఉండదో ఆ ముక్క, ఎంత ఆలస్యమైతే ఎవరికి చెప్పాలో, అన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించి వెళ్తా. మాటిస్తే సరిపోదు, మాట తప్పితే ఏం చెయ్యాలో కూడా చెప్పాలి.

మళ్ళీ ఒంటరిగా వెళ్తా. నెలకొకటి.


చివరిబండి
సోమవారం, రాత్రి 10:48

ఫోను ఎక్కడ పెట్టుకున్నావు?


పాతకార్బ్
సోమవారం, రాత్రి 10:50

జేబులో అన్నా. జిప్ వేసి. హ్యాండిల్ మీద పెడితే ఇంజిన్ వణుకుడికి కెమెరా దెబ్బతినొచ్చని యాపిల్ వాళ్ళే 2021లో చెప్పారట, మా ఆవిడకి ఆ కారణం చెప్పా. కాలవ కథ చెప్పలేదు.


తూనీగ
మంగళవారం, ఉదయం 7:15

చెట్టు కింద నిద్ర గురించి రాశారు చూడండి, అది మీ బ్యాచ్‌కి చదివి వినిపించండి. మిగతా ఏడుగురిలో కనీసం ముగ్గురికి అదే వేళకి నిద్రొస్తుంటుంది. ఎవరూ అనరు.


పాతకార్బ్
మంగళవారం, రాత్రి 9:05

వినిపించా. ముగ్గురు కాదండీ, ఐదుగురు. లీడ్ కూడా.

వచ్చే ఆదివారం మీ కూడలి పద్ధతి పెట్టి చూద్దామన్నారు. మధ్యాహ్నం అరగంట పడక కూడా. ఒకడు మాత్రం "ఇది రైడా, పిక్నికా" అన్నాడు. వాడే మొన్న నా ముందు ఆఖరి క్షణంలో బ్రేక్ కొట్టింది. చివరిబండి అన్నా, కుదిరితే ఒక్కసారి మాతో రారాదూ, మాకు స్వీప్ తోలేవాడు ఎవరూ లేరు. లేదా నన్నే తోలమంటారా?


చివరిబండి
మంగళవారం, రాత్రి 9:22

వస్తా. నువ్వు రెండో బండి. ఆ పిక్నిక్ అన్నవాణ్ణి నా ముందు పెట్టు, వాడి వీపు ఒకసారి చూడాలి.